నూట పద్నాలుగు

ఉదయం నుంచి కనుమ మీదుగా నలభై రెండు గద్దలే దాటాయి.

"నాలుగేళ్ల కిందట ఈపాటికి మూడొందలు," అన్నాడు పంతులు బైనాక్యులర్ దించి.

పంతులు చూసి చెప్పడం, బావమరిది నోటుబుక్కులో గీత గీయడం. వానలు వెనకబట్టింది మొదలు చలి ముదిరేదాకా, వలస గద్దలు దాటే రెండు నెలలూ, ఏటా ఆ కొండ మీద ఇద్దరికీ ఇదే పని.

"మిగతావి దారి తప్పాయేమో బావా."

"దారి తప్పడానికి అవేం నువ్వు కాదు. ఎవడో చంపుతున్నాడు."

కనుమకు అడ్డంగా హైటెన్షన్ తీగలున్నాయి. వాటి పక్కనే రెండో లైను వేస్తానంటోంది కరెంటు కంపెనీ. ఎవరో అర్జీ మీద అర్జీ పెట్టి మూడేళ్లుగా ఆపుతున్నారు. శుక్రవారం ఆఖరి విచారణ. పంతుల్ని కూడా లెక్కలు తీసుకుని రమ్మన్నారు.

"ఆ అర్జీదారు ఎవరో గానీ, కనిపిస్తే కాళ్లకు దణ్ణం పెడతాను," అన్నాడు పంతులు.

"ముందు అటు చూడు బావా."

టవర్ల కింద పొదల్లోంచి ఒక ముసలాయన వస్తున్నాడు. మాసిన చొక్కా. భుజాన గోనెసంచి. సంచిలోంచి ఒక రెక్క బయటికి వేలాడుతోంది.

పంతులికి ఒళ్లు మండిపోయింది. మోకాళ్ల నొప్పులు మరిచి కొండ దిగాడు.

"దింపు సంచి."

ముసలాయన దింపాడు. మూడు గద్దలు. మూడూ చచ్చినవే. ఒక్కోదాని కాలికి దారంతో కట్టిన చీటీ.

రెండింటి మీద 114. పెద్దదాని మీద 117.

"ధర కూడా కట్టేశాడు బావా," అన్నాడు బావమరిది. "పెద్దదానికి మూడు ఎక్కువ."

"సముద్రాలు దాటొచ్చిన ప్రాణానికి నూట పద్నాలుగా? థూ. సిగ్గు లేదూ?"

"నేను చంపలేదయ్యా. తీగల కింద ఏరాను."

"ఏరుకోడానికి ఇవేం రాలిన కాయలా?"

"నాలుగు రోజులు వీటిని నా దగ్గర ఉంచండి. తర్వాత మీ ఇష్టం."

"నాలుగు రోజుల్లో కొనేవాడు వస్తాడన్నమాట."

ముసలాయన జేబులోంచి మడత కాగితం తీశాడు.

"ఇది ఒక్కసారి చదవండి."

పంతులు ఆ చేతిని తోసేశాడు. కాగితం ఎగిరి పొదల్లో పడింది.

"ముప్పై ఏళ్లు బడిపిల్లల సాకులు విన్నవాణ్ని. నాకా చూపిస్తావు కాగితాలు?"

కబురందుకుని ఫారెస్టు గార్డు వచ్చాడు. పంచనామా రాసుకున్నాడు. వాసన భరించలేక, చీటీలతో సహా పక్షుల్ని అక్కడే గుంటలో వేసి కిరోసిన్ పోశాడు.

"కాల్చొద్దయ్యా," అన్నాడు ముసలాయన. రెండుసార్లు అన్నాడు. ఎవరూ వినలేదు. మంట ఆరేదాకా నిలబడి, తర్వాత జీపెక్కాడు.

పంతులు సాక్షి సంతకం పెట్టాడు. కోపంకొద్దీ నొక్కితే కలం మొనకు కాగితం చిరిగింది.

"ఇన్నాళ్లకి కడుపు మంట చల్లారింది," అన్నాడు.

శుక్రవారం విచారణ గదిలో పంతులు నిలబడి లెక్కలు చదివాడు. ఏటికేడు తగ్గిన అంకెలు.

కంపెనీ ఇంజనీరు నవ్వాడు.

"మాస్టారూ, మీరు ఎగిరేవి లెక్కపెట్టారు. రానివాటి సంగతి మాకేం తెలుసు? మా తీగలు తగిలి చచ్చిన పక్షిని ఒక్కదాన్ని చూపించండి. లైను మానేస్తాం."

పంతులు నోటుబుక్కు పేజీలు తిరగేశాడు.

"అర్జీదారు చూపిస్తానన్నాడే," అంటూ అధికారి ఫైల్లోంచి ఒక ఉత్తరం తీశాడు. "ఇదుగో. 'నూట పద్నాలుగు, నూట పదిహేడు టవర్ల కింద ఎక్కువ పడుతున్నాయి. ఈసారి కాలికి టవరు నెంబరు కట్టి, పక్షులనే తెస్తాను.'"

"బావా," అన్నాడు బావమరిది మెల్లగా.



"ఎవరీ మనిషి?" అడిగాడు అధికారి.

"పాత లైన్‌మన్ అండి," అన్నాడు గుమస్తా. "ఒకప్పుడు ఆ తీగలు లాగింది ఆయనే. 'నేను పన్నిన ఉచ్చు నేనే విప్పాలి' అంటూ కాళ్లరిగేలా తిరిగాడు."

"మరి రాలేదేం?"

"లాకప్పులో ఉన్నాడండి. గద్దల్ని చంపి అమ్ముతున్నాడని సోమవారం పట్టించారు."

"ఆ పక్షులేవి?"

"కాల్చేశారండి."

అధికారి నిట్టూర్చాడు. 'అర్జీదారు గైర్హాజరు, రుజువులు లేవు' అని రాసి ఫైలు మూశాడు. ఇంజనీరు అప్పుడే ఫోను తీసి, పని మొదలుపెట్టమని ఎవరికో చెబుతున్నాడు.

"పట్టించిన ఘనుడెవరట?" అన్నాడు అధికారి.

గుమస్తా పంచనామా కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కలం మొన చింపిన చోట ఉన్న సంతకాన్ని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదవసాగాడు.