గోళ్లు అడిగిన మనిషి

కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పాతవాటిని గడప దాటించి చేతులు దులుపుకున్నారే, అవి ఎవరి నెత్తిన పడ్డాయో ఒక్కరైనా చూశారా?

ఈ రేకుల షెడ్డులో పడ్డాయి.

పొయ్యి మీద పెనం, పెనం మీద పచ్చ బోర్డు. సీసం కరిగి పొగ లేస్తుంటే అక్క పట్టకారుతో చిప్పులు పీకుతోంది. రోజుకు రెండొందల బోర్డులు. నడుము ఎప్పుడో చచ్చిపోయింది. పక్కనే చెల్లెలు చిప్పులు ఏరుతోంది. దానికి ఐదో నెల. రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు.

మధ్యాహ్నం ఎవరో ముసలాయన వచ్చాడు. చేతిలో కాగితం పొట్లాలు.

"గోళ్లు కాస్త కత్తిరించి ఇస్తారామ్మా?"

"ఎందుకు తాతా, కూర వండుకుంటావా?" అందొకామె. షెడ్డంతా నవ్వింది.

"పరీక్ష చేయిస్తాను. ఒంట్లో సీసం ఎంత చేరిందో తెలుస్తుంది."

చెల్లెలు జాలిపడి ఇచ్చేసింది. అక్క పట్టకారు విసిరేసి లేచింది. కడుపుతో ఉన్నదాని గోళ్లు!

"చేతబడి చేస్తావా ముసలోడా? మా ఇంటి దీపం ఆర్పుతావా? నడు బయటికి!"

యజమాని తన గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

పదిరోజులకు ముసలాయన మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాడు, కవరు పట్టుకుని.

"చెల్లెలిదమ్మా. ఇవాళే చదివించు. ఆలస్యం చేయకు."

అక్క దాన్ని విప్పను కూడా విప్పకుండా పొయ్యిలో పడేసింది.

నెల తిరక్కుండా ఆ కడుపూ పోయింది.

"రక్తం నిండా సీసమే," అంది డాక్టరమ్మ. "ముందే పొగకు దూరంగా పెట్టి ఉంటే బిడ్డ దక్కేదేమో. మీకెవరూ చెప్పలేదా?"

అక్క తిన్నగా షెడ్డుకొచ్చి పొయ్యిల మీద నీళ్లు కుమ్మరించింది.

"షెడ్డు మూసెయ్! ముందు అందరి రక్తం చూపించు!"

యజమాని తాపీగా ఒక కాగితం తీశాడు. "ప్రమాదం లేదని సర్కారు రాసిచ్చింది. ఇదిగో సంతకం."

"ఆ సంతకం పెట్టినోణ్ణి పిలిపించు! ఇప్పుడే! వచ్చి ఈ పొగలో నా పక్కన కూర్చోమను!"

మూలనున్న ముసలి గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు.

"వచ్చాడు కదమ్మా... రిటైరయ్యాక, గోళ్లు అడుక్కుంటూ."