ఎడమ రెక్క చివర

విమానం ముక్కు ఉత్తరానికి ఉంది. తెర మీది దిక్సూచి మాత్రం తూర్పు అంటోంది.

"ఇదెక్కడి గోల," అన్నాడు విఠల్.

న్యూజిలాండ్‌లో టకానిని దగ్గర చిన్న ఎయిర్‌ఫీల్డు. అందులో ఒక రేకుల షెడ్డు. షెడ్డులో ఇద్దరు పట్టే బుల్లి విమానం. సగం కట్టి ఉన్నదాన్ని టౌరంగాలో ఒక డీలర్ దగ్గర కొన్నాడు విఠల్. వారమంతా ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాలు విమానంతో కాపురం. అలా అనేది అతని భార్య గిరిజ, నవ్వుతూనే.

అది 2006 ఫిబ్రవరి. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడు, అందుకే ఈమధ్య రోజూ సాయంత్రం కూడా గిరిజతో సహా షెడ్డులోనే. దిక్సూచి సరిగ్గా ఉంటేనే ఎగరనిస్తాడు. లేదంటే చలికాలం దాటాకే మళ్ళీ ఆయన దర్శనం.

దిక్సూచికి సెన్సర్ ఒకటుంటుంది, అగ్గిపెట్టెంత. దాన్ని ఇనుముకి, కరెంటు తీగలకి దూరంగా పెట్టాలి, అంతే. ఆ 'అంతే' దగ్గరే విఠల్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. తోకలో పెడితే ఉక్కు కేబుళ్ళు. సీటు వెనక పెడితే రేడియో. కుడి రెక్క చివర పెడితే, లైటు వేయగానే ముల్లు గంతులేస్తోంది.

"ఏం వెతుకుతున్నావు బాబూ?"

గుమ్మంలో పెద్దాయన. నల్ల కళ్ళద్దాలు, చేతికర్ర. దగ్గర్లో కూతురింటికి వచ్చాడట, కొన్నాళ్ళుగా రోజూ వస్తున్నాడు. రాగానే రెక్క మీద చెయ్యి వేసి నిమురుతూ నిలబడతాడు. నీడపట్టున కూడా ఆ కళ్ళద్దాలు తీయడు. సోకుకి తక్కువ లేదనుకున్నాడు విఠల్.

"సెన్సర్‌కి చోటు వెతుకుతున్నానంకుల్. దిక్కు చెప్తుందిది."

"మంచిదే. పరాయి దేశంలో ఏదో ఒక దిక్కుండాలి."

గిరిజ ఫక్కున నవ్వింది. విఠల్ నవ్వలేదు.

"రెక్కలెవరు కట్టారు బాబూ?"

"ఎవరో కివీ, ఈ దేశపువాడే. మధ్యలో వదిలేశాడు. ఓపిక లేని మనిషి అయ్యుంటాడు. అలాంటివాళ్ళ పని నమ్మలేం అంకుల్."

నిమురుతున్న చెయ్యి ఆగింది.

"ఎడమ రెక్క చివర చూశావా?"

"అది మూసేసి ఉంది. విప్పితే ఇంకో రోజు పని. ఏమనుకోకండి, మీ కర్ర ఇనుముది. మీరొచ్చినప్పుడల్లా రీడింగ్ పాడవుతోంది. కొంచెం దూరంగా ఉంటే..."

"అయ్యో, అలాగా. తెలీలేదు నాయనా."

పెద్దాయన కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

రీడింగ్ మాత్రం బాగుపడలేదు.

గురువారం విఠల్ సెలవు పెట్టాడు. మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. గిరిజే స్క్రూడ్రైవర్ అందుకుంది.

"పాపం, ఆ పెద్దాయన మాట కూడా చూద్దాం. మీ పంతం పక్కన పెట్టండి."

ఎడమ రెక్క చివర మూత విప్పారు. లోపల అప్పటికే ఒక చిన్న అర బిగించి ఉంది. అల్యూమినియం అర, ఇత్తడి మరలు. ఇనుమన్న మాటే లేదు. సెన్సర్ అందులో కొలత తీసినట్టు కూర్చుంది. లైటు వేశారు. రేడియో వేశారు. ముల్లు ఉత్తరం వదల్లేదు.

విఠల్‌కి ప్రాణం లేచొచ్చింది. గిరిజ మాత్రం టార్చి పట్టుకుని ఇంకా లోపలికే చూస్తోంది.

"ఏవండీ, ఇటు రండి."

అర మూలన పసుపు రాసి ఉంది. పసుపు మీద కుంకుమ బొట్టు.

"మీ కివీ ఆయన పసుపు కూడా రాస్తాడా?" అంది గిరిజ.

శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, చూశాడు, ఎగరొచ్చన్నాడు. ఆ సంబరంలోనే విఠల్ టౌరంగా డీలర్‌కి ఫోన్ చేశాడు.

"ముందు కట్టినాయన ఎవరు?"

"మీవాడే, మొగిలయ్య. మంచి పైలట్. చూపు పోయిందని అమ్మేశాడు. ఎడమ రెక్కలో అర ఆయన ఆఖరి పని. అప్పటికే కళ్ళు కనబడక, వేళ్ళతో తడుముకుంటూ బిగించాడు."

ఓపిక లేని మనిషని తనన్న మాట గుర్తొచ్చి విఠల్‌కి సిగ్గేసింది.

"ఇప్పుడెక్కడున్నారు? మొదటిసారి ఆయన్నే ఎక్కించుకుంటాను."

"నిన్ననే ఇండియా వెళ్ళిపోయాడు, ఇక రాడు. కూతురింటి నుంచి రోజూ నీ షెడ్డుకొచ్చి రెక్కలు తడిమి చూసుకున్నాడటగా, మంచి చేతుల్లో పడ్డాయని ఒకటే మురిసిపోయాడు."