ఎవరూ తియ్యని సినిమా

"గా సినిమా ఎవ్వడు తియ్యలే సేటూ."

ఆ మాట వినగానే రాఘవేంద్రకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పొద్దున్నే హైదరాబాద్ నుంచి పబ్లిషర్ ఫోన్ చేసి అన్నదీ ఇదే. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ముసలాయనొకడు తన బండల దుకాణంలో, తన కుర్చీలోనే కూర్చుని, మళ్లీ అదే పాట పాడుతున్నాడు.

తాండూరులో బండల వ్యాపారం రాఘవేంద్రకు పొట్టకూటి కోసం. ప్రాణమంతా పాత సినిమాల మీదే. పెద్ద సినిమాలు కావు. అట్టముక్కల సమాధులు, తాడు కట్టి లాగే మొసళ్లు, మండుటెండలో తీసేసిన అమావాస్య రాత్రులు. తక్కువ ఖర్చులో చుట్టేసిన కౌబాయ్, దయ్యం, అడవి సినిమాలు. చిన్నప్పుడు తాండూరు టాకీసులో చూసిన వాటి మీద పదేళ్లు కూర్చుని పుస్తకం రాశాడు.

ఆ పుస్తకానికి గుండెకాయ ఒకే ఒక్క సినిమా. పేరు గుర్తులేదు.

గుర్రం మీద వచ్చిన హీరో బంగారం కోసం అడవిలో దూరతాడు. అడవి మనుషులు తరుముతారు. పారిపోయి పాడుబడ్డ బంగళాలో దాక్కుంటే, అక్కడ శవపేటికలోంచి దయ్యం లేస్తుంది. ఎనిమిదేళ్ల వయసులో అది చూసి రాఘవేంద్ర మూడు రోజులు జ్వరంతో మూలిగాడు.

అలాంటి సినిమా ఎక్కడా లేదన్నారు. కలగన్నావన్నారు, నవ్వారు.

"రుజువు చూపించండి, లేకపోతే ఆ అధ్యాయం తీసేద్దాం" అని పబ్లిషర్ కొన్నాళ్ల కిందటే అన్నాడు.

అందుకే తాండూరు, వికారాబాద్, పరిగి బస్టాండ్ల దగ్గర పోస్టర్లు అంటించాడు. కథంతా రాసి, 'ఈ సినిమా చూసినవారు దయచేసి రండి' అన్నాడు. వచ్చినవాళ్లు చాయ్ తాగి అబద్ధాలు చెప్పి పోయారు. అందులో వాన పాట కూడా ఉందన్నాడొకడు.

ఇదిగో, ఇప్పుడు ఈయన.

"నువ్వు సూసినవా లేదా? గది జెప్పు" అన్నాడు రాఘవేంద్ర.

"సూసిన. మస్తు సార్లు సూసిన."

"మరి తియ్యలేదంటవేంది?"

"సూసిన గని, ఎవ్వడు తియ్యలే."

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"అడివిల గాలికి హీరో టోపీ ఎగిరిపోతది గదా సేటూ? మల్ల పెట్టుకోడు. ఎందుకు పెట్టుకోడో ఎరికేనా?"

"గది పోస్టర్ల నేను రాసిందే! సదువుకొచ్చి నాకే జెప్తవా?"

"జర ఇనుండ్రి. నా పేరు చంద్రప్ప. బంట్వారం నుంచి దమ్ము రోగంతోని..."

"లే! ముందు నా కుర్సీలకెల్లి లే!"

రెక్క పట్టుకుని లేపాడు. గుమ్మం దాకా లాక్కెళ్లి బయటికి నెట్టాడు. ముసలాయన రోడ్డు మీద నిలబడి చాలాసేపు దగ్గాడు.

"ఇంత కోపం మంచిది గాదు సేటూ."

"నన్ను అబద్ధాలకోరన్నోడెవ్వడు నా గడప తొక్కొద్దు!"

రాఘవేంద్ర కేకకు పక్క దుకాణాల వాళ్లు కూడా తొంగిచూశారు. పబ్లిషర్ మీది కోపం దించుకోవడానికి ఒక ముసలిప్రాణం దొరికింది, దించుకున్నాడు. లోపలికొచ్చి చల్లగా నీళ్లు తాగాడు. రోడ్డు మీది మనిషికి ఒక్క గ్లాసు ఇవ్వాలని తోచనే లేదు.

నెల తిరిగేసరికి పుస్తకం అచ్చయింది. ఆ అధ్యాయం లేదు.

కట్టలు విప్పి, చూసి, కోపంతో మళ్లీ కట్టేస్తుంటే ఒక ముసలామె దుకాణంలోకి వచ్చింది.

"సమాధికి బండ గావాలె అయ్యా. పేరు జెక్కియ్యాలె."

"ఎవలదమ్మా?" తలెత్తకుండానే పెన్ను తీశాడు.

"మా ఇంటాయనది. చంద్రప్ప. బంట్వారం."

పెన్ను ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"దమ్ము ఎప్పటిసందో ఉండె. పోయిన నెల పరిగి బస్టాండ్ల ఏందో కాయితం సూసి తాండూరు వోతనన్నడు. పానం బాగలేదు, వద్దంటే ఇనలే. 'ఈశ్వరమ్మా, ఇన్నేండ్లకు నా ముచ్చట అడిగేటోడు దొరికిండే' అని ఉతికిన అంగీ ఏసుకొని వోయిండు."

ఆమె గొంతు పెరిగింది.

"గాడెవడో రెక్క వట్టి బజార్ల నూకిండట! ముచ్చట ఇననన్న ఇనలేదట! ఇంటికొచ్చి రెండు దినాలు బువ్వ ముట్టలే. గాడు ఎవ్వడో గని, నా ఉసురు తగులుతది గానికి."

'వాడు నేనే' అనబోయాడు రాఘవేంద్ర. ఒళ్లంతా మండుతోంది. ఈసారి ఆ మంట తన మీదే. పళ్లు బిగించి కాగితం మీద చంద్రప్ప అని రాశాడు.

"పేరు కింద ఏం రాయాలె అమ్మా?"

"సినిమా ఆపరేటర్ అని రాయి. గీ తాండూరు టాకీసుల్నే జేసిండు."

రాఘవేంద్ర తలెత్తి ఆమెను చూశాడు.

"గప్పుడు రెండూర్లకు ఒక్కటే ప్రింటు ఉండె. ఒకపారి వికారాబాద్ల సగం రీళ్ల డబ్బాలే రైలెక్కిచ్చిండ్రట. గుర్రాల సినిమా సగంలనే అయిపోయింది. జనం బెంచీలు ఇరగ్గొడుతున్నరు. గప్పుడు మా ఆయన క్యాబిన్ల పడున్న అడివి సినిమా ముక్క, దయ్యం సినిమా ముక్క, హీరో టోపీ ఎగిరిపోయే కాడ దానికి అతికిచ్చి నడిపిచ్చిండు. నెత్తిన టోపీ లేదు గదా, హీరో మారిండని ఎవ్వలు పసిగట్టలే. మిగిలిన డబ్బాలు తెల్లారి వచ్చినా ఓనరు ఇప్పనియ్యలే. వారం దినాలు నడిసిందయ్యా, మా ఆయన సినిమా."