వరండా సాక్షి

“అమ్మా, మీ తమ్ముడి తరఫున నేను సాక్ష్యం చెప్తాను.”

అక్క తలెత్తి చూసింది. ఎదురుగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, వారం రోజుల గడ్డం.

కోర్టు వరండాలో ఆ మాట వినడం ఆ పొద్దున ఆమెకు మూడోసారి.

ఆ వరండా సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. జిరాక్సు మిషను పక్కన పొడవాటి బల్ల ఒకటి ఉంటుంది. దాని మీద కూర్చునేవాళ్లకు వేరే పని లేదు. ఎవరి కేసైనా సరే, “కళ్లారా చూశానండీ” అని ప్రమాణం చేసి చెప్పడమే వాళ్ల బతుకుదెరువు. అద్దె సైకిళ్లు దొరికినట్టు అక్కడ సాక్షులు దొరుకుతారు.

అక్కకు ఒళ్లు మండింది. మండదూ మరి! ఏడాదిగా చెప్పులరిగేలా తిరుగుతోంది. వాయిదా వచ్చినప్పుడల్లా చొక్కాల ఫ్యాక్టరీలో సెలవడగాలి. సూపర్‌వైజరు సణుగుడు వినాలి. ఇక్కడికొస్తే జడ్జిగారు సెలవు, లేదంటే లాయరు గారికి జ్వరం.

తమ్ముడు గోడౌనులో లారీ డ్రైవరు. చీమకైనా హాని చేసే రకం కాదు. వాడు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే యజమాని కొడుకు సరదాకి లారీ ఎక్కి వెనక్కి నడిపాడు. మూటలు మోసే కుర్రాడొకడు చక్రాల కింద పడి చనిపోయాడు. కేసు మాత్రం తమ్ముడి మెడకు చుట్టుకుంది. చూసిన కూలీలందరికీ ఒక్కసారే కళ్లు పోయాయి. ఏం చేస్తారు పాపం, మర్నాడు మళ్లీ అదే గోడౌనులో మూటలు మోయాలి.

“ఆ రోజు నేను అక్కడే ఉన్నానమ్మా,” అన్నాడు ముసలాయన.

“ఎందుకుండరు? ఎక్కడ ఏం జరిగినా మీరంతా అక్కడే ఉంటారు.”

“క్యారేజీ తీసుకుని గేటు దాకా వచ్చాను. అప్పుడే...”

“ఇందాక ఒకాయన పాలక్యాను తీసుకుని వచ్చాడు. ఇంకొకాయన సైకిలు సరిగ్గా ఆ గేటు ముందే పంచరైంది. మీది క్యారేజీయా? బాగుంది.”

“స్టీరింగు ముందున్నది మీ తమ్ముడు కాదమ్మా. ఓనరు గారబ్బాయి.”

అది నిజమే. నిజం కాబట్టే అక్కకు ఇంకా మండింది. లాయరు గారి ఫైలులోని సంగతులు ఈ బల్ల దాకా వచ్చేశాయన్నమాట!

“ఎంత కావాలి?”

“ఏమీ వద్దమ్మా.”

“ముందు అందరూ అలాగే అంటారు. పనయ్యాక పీకల మీద కూర్చుంటారు.”

“నేనెవరో మీకు తెలియదు...”

“తెలుసు. బాగా తెలుసు. దేవుడా అనుకోవాల్సిన వయసులో ఇదేం బతుకు పెద్దాయనా?”

ముసలాయన ముఖం వాడిపోయింది. అయినా కదల్లేదు.

“పోలీసులు నా మాట రాసుకోలేదు. సర్కారు లాయరు విననంటున్నాడు. మీవైపు నుంచి పిలిస్తేనే నన్ను బోనెక్కనిస్తారట.”

“నేను పిలవను! మా తమ్ముడు ఏ పాపం ఎరగడు. వాడి కోసం అబద్ధమాడించి రేపు దేవుడికి ఏం ముఖం చూపించను? అబద్ధ సాక్ష్యం చెప్పినా, చెప్పించినా ఒకటే పాపమని మొన్న ఆదివారమే పాస్టరు గారు చెప్పారు. వెళ్లండి, వెళ్లండి!”

ఆ కేకకు వరండా అంతా తిరిగి చూసింది. బల్ల మీదివాళ్లు కిసుక్కున నవ్వారు. ముసలాయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కాసేపటికి లాయరు వచ్చాడు.

“ఏమ్మా, ఎవరో ముసలాయన సాక్ష్యం చెప్తానని నా వెంట కూడా పడ్డాడు.”

“మీరూ తరిమెయ్యండి సార్. ఆ బల్ల తాలూకు మనిషే.”

“అవతల నలుగురున్నారమ్మా. మనకు ఒక్కడైనా ఉండాలిగా?”

“ఆ నలుగురి అబద్ధానికి మన అబద్ధం ఒకటి కలిపితే నిజమైపోతుందా సార్?”

“నీకో దండం తల్లీ!” అంటూ లాయరు లోపలికి నడిచాడు.

“ముద్దాయి తరఫున సాక్షులు?” అడిగారు జడ్జిగారు.

“లేరండి.”

అక్క తలెత్తుకుని కూర్చుంది. ఇంత అన్యాయం మధ్య కూడా తాను వంకర దారి తొక్కలేదని ఆమెకు కాస్త గర్వంగానే ఉంది.

తర్వాతి వాయిదాకు తీర్పు వచ్చింది. గోడౌను మనుషులు నలుగురూ బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పిన మాటే నెగ్గింది. తమ్ముడికి జైలు. యజమాని కొడుకు వెనక బెంచీలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అతనికి ఈ కేసుతో ఏ సంబంధమూ లేదు కదా!

“అక్కా, నేను కాదక్కా,” అన్నాడు తమ్ముడు, పోలీసు చెయ్యి పట్టుకుంటుంటే.

“నాకు తెలుసురా నాన్నా.”

ఆమెకు తెలిసి ఏం లాభం? ఇంకొక్కరు, ఒకే ఒక్కరు లేచి ఆ మాట అని ఉంటే! ఇంతమంది జనంలో నిజం చెప్పే నోరు ఒక్కటి లేకుండా పోయిందా అనుకుంది.

జడ్జిగారు కాగితం తిప్పారు.

“నష్టపరిహారం అందుకోవలసినవాళ్లు వచ్చారా?”

బంట్రోతు గుమ్మంలోకి వెళ్లి గట్టిగా కేక వేశాడు.

“చనిపోయిన కుర్రాడి తండ్రి! ఉన్నారా, చనిపోయిన కుర్రాడి తండ్రి!”

గుమ్మం దగ్గర జనం పక్కకు జరిగారు. లోపలికి వచ్చినవాడు, అక్క వరండాలోంచి తరిమేసిన ముసలాయన.