కుడి అంచున మూడు రాళ్లు

మెదడుల రక్తం గడ్డకట్టి, అన్న పంజాగుట్ట ఆసుపత్రిల పడ్డడు. పొద్దుగాల్ల సంది మంచం ఎడమపక్క కూసున్న, నాతో ఒక్క మాట లేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నడుమ తను నడిపే, నల్ల తెల్ల రాళ్లతోని ఆడే గో ఆట క్లాసు నేను మూసెయ్యమన్నందుకు ఇంకా కోపమే అనుకున్న. కంచంల అన్నం సుత సగం ఇడిసిపెట్టిండు.

అన్న ముందల గో పలక ఉంది. నల్లరాయి తీసి కుడి అంచున పెట్టిండు. చిన్నప్పుడు నాకు నేర్పిన ఆరంభమే: ఒకే అంచున వరుసగా మూడు రాళ్లు కాపలా పెట్టుడు.

నేను ఎడమ అంచున తెల్లరాయి పెట్టిన. మళ్ల కుడిదిక్కే పెట్టిండు. నేను మళ్ల ఎడమదిక్కే. చెరి మూడు అయినంక అన్న చెయ్యి ఆగింది.

"నీ వంతే అన్నా."

అన్న కుడి అంచునే చూసుకుంట కూసున్నడు.

"ఇంకెన్నాళ్లు కోపం?" అనుకుంట లేచి, నీళ్ల సీసా కోసం మంచం చుట్టు తిరిగి కుడిపక్కకు వచ్చిన.

అన్న మొఖం వెలిగింది.

"సుకన్యా! ఎప్పుడొచ్చినవ్ చెల్లె? నువ్వొస్తవని మూడు రాళ్లు పెట్టి చూస్తున్న. ఒక్క తెల్లరాయన్న పెట్టు."

అన్న కండ్లకు ఆనని ఎడమ అంచున నా మూడు తెల్లరాళ్లు అట్లనే ఉన్నయి, కంచంల ఎడమ సగం అన్నం లెక్క.