ఎడమచేతి కత్తి

కొట్లో ఒకే కత్తి మీద రెండు చేతులు పడ్డాయి.

ఒకటి చిజురుది. రెండోది ఎవరో ఆడమనిషిది. పొడవాటి గోళ్లు, వాటికి ఊదారంగు, రంగు మీద మెరుపులు.

చిజురు తలెత్తి చూసింది. పసుప్పచ్చ రంగేసిన జుట్టు. చిరుతపులి మచ్చల చొక్కా. ఒంటి మీంచి సిగరెట్ వాసన.

బారు నడిపే మనిషని చూడగానే తెలిసిపోతోంది.

"నేను ముందు పట్టుకున్నాను," అంది చిజురు.

"అయ్యో, లేదమ్మా. దీనికోసం వారం నుంచి తిరుగుతున్నాను. ఇవాళ తీసుకుపోదామనే వచ్చాను." ఆ మనిషి గొంతు బొంగురుగా ఉంది. మొహం నిండా నవ్వు.

సకాయ్‌లో కత్తుల కొట్లకి కొదవ లేదు, జపాన్లో కత్తులకి పేరుపడ్డ ఊరది. కానీ ఎడమచేతి వాటం వాళ్లకి చేపలు కోసే కత్తి దొరకడమే గగనం. పదును ఒక పక్కనే ఉంటుంది కాబట్టి కుడిచేతి కత్తి వాళ్లకి పనికిరాదు. ప్రత్యేకంగా చేయించుకోవాలంటే నెలలు పడుతుంది. చిజురుకి అంత వ్యవధి లేదు. ఎడమచేతి వాటం కొడుకు సోసుకే ఎల్లుండే టోక్యో వెళ్తున్నాడు, పేరున్న భోజనశాలలో వంట నేర్చుకోవడానికి.

తాగి తాగి భర్త పోయాక ఆమె ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసి వాణ్ణి పెంచింది. వేళకి వండిపెట్టలేని తల్లినయ్యానన్న సిగ్గు ఆమెని ఎన్నడూ వదల్లేదు. గతిలేకనే వాడు తనంతట తాను గరిటె పట్టాడనుకునేది. ఈ ఒక్క కానుకైనా వాడి చేతికి తగ్గది ఇవ్వాలి.

"ఎవరికి? మీకేనా?" అని అడిగింది.

"నాకెందుకమ్మా? తెలిసిన పిల్లాడికి."

చిజురు పెదవి విరిచింది. "మీ దగ్గరికి తాగడానికొచ్చే పిల్లాడా? గ్లాసులోకి నిమ్మచెక్కలు కోయడానికి ఇంత కత్తి దేనికో!"

కొట్టు యజమాని ఓనిషి పొడిదగ్గు దగ్గాడు.

ఆ మనిషి నవ్వు కాస్త వాడింది. చెయ్యి మాత్రం తీయలేదు. "నన్నేమన్నా పడతాను గానీ, పిల్లాణ్ణి అనకండి. ఓనిషి గారూ, మీరే చెప్పండి, రోజూ వస్తున్నానా లేదా?"

"వస్తున్నారు. కానీ అట్టేపెట్టమని ఎప్పుడూ అనలేదు కదా," అంటూ ముసలాయన తల గోక్కున్నాడు. "మధ్యలో నన్ను ఇరికించకండి తల్లీ."

చిజురు ఆగలేదు. "పేరు చెక్కండి. తరుమి సోసుకే. నా కొడుకు. కన్నతల్లి ఇచ్చే కత్తి అది. ఇలాంటివాళ్ల చేతులు పడ్డాయి, ముందు శుభ్రంగా తుడవండి."

ఆ చెయ్యి చప్పున వెనక్కి వెళ్లింది.

ఆ మనిషి చిజురు మొహంలోకి కాసేపు అలాగే చూసింది. కోపంగా కాదు. చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నదేదో చూసినట్టు.

"మీరే తీసుకోండమ్మా," అంది మెల్లగా. "అమ్మ ఇస్తేనే బాగుంటుంది."

నడుం బాగా వంచి నమస్కరించి, వెళ్లిపోయింది.

ఓనిషి ఉలి, సుత్తి తీసి పేరు చెక్కడం మొదలుపెట్టాడు. చివరికి కత్తిని పెట్టెలో పెడుతూ, "చెడ్డమనిషి కాదమ్మా ఆవిడ," అన్నాడంతే.

చిజురు మొహం వేడెక్కింది. గెలిచి కూడా దొంగలా కొట్టు దిగింది.

వీధి చివర ట్రాము ఆగేచోట ఆ పసుప్పచ్చ జుట్టు కనిపించింది. సిగరెట్ వెలిగించుకోవాలని అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తోంది.

వెళ్లి ఒక్కమాట చెబితే సరిపోయేది. చిజురు తల దించుకుని పక్కసందులోకి తిరిగింది.

ఇంట్లో పెట్టె తెరవగానే సోసుకే ఎగిరి గంతేశాడు. "ఎడమచేతిదే! ఎలా దొరికిందమ్మా?"

"కొట్లో ఉంది, తెచ్చాను."

వాడు ఆ కత్తితోనే చేప కోసి, పల్చటి ముక్కలు పూలరేకుల్లా పేర్చిపెట్టాడు. ఆమె ఒక్క ముక్క తిని పళ్లెం పక్కకి జరిపింది. ఎవరో పిల్లాడు ఇదే కత్తి కోసం చూసి ఉంటాడు. 'తుడవండి' అన్న తన మాటే చెవిలో మోగుతోంది.

మూడోరోజు పొద్దున సకాయ్ స్టేషన్లో సోసుకే మెట్లవైపే మాటిమాటికీ చూస్తున్నాడు.

"ఎవరి కోసంరా?"

"ఒకావిడ వస్తానందమ్మా. నీకు చూపించాలి."

రైలు వచ్చి ఆగింది. సోసుకే ఎక్కి తలుపు దగ్గరే నిలబడ్డాడు. అప్పుడే ఎవరో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. పెదాలకి రంగు లేదు, గోళ్లు కత్తిరించుకుంది, పసుప్పచ్చ జుట్టుకి నల్ల రుమాలు చుట్టుకుంది. అయినా చిజురు ఇట్టే గుర్తుపట్టింది.

ఆమె సోసుకేని చూసి చెయ్యెత్తింది. పక్కనే చిజురుని చూసి దించేసింది. నిలబడ్డచోటనే నడుం వంచి, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది.

"అదేంటి, వెళ్లిపోతోంది! ఇకుయో పిన్నీ!" సోసుకే రైలు తలుపులోంచి కేకేశాడు. "అమ్మా, పిలువు! ఆపు!"

చిజురు మెట్లవైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. గంట మోగింది.

"ఎవర్రా ఆవిడ?" అంది, వినడానికి భయపడుతూనే.

"బారంటే నీకు పడదని చెప్పలేదమ్మా," అన్నాడు వాడు మూసుకుంటున్న తలుపు సందులోంచి. "నువ్వు నైట్ డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ తన వంటింట్లో కూర్చోబెట్టి నాకు అన్నం పెట్టింది, ఈ వంట నేర్పింది ఆవిడే."