ఏట్లో ఒలికిన సరుకు

డ్రైవరు లేకుండా, తూకం తానే చూసుకుంటూ ఏళ్ల తరబడి ఇనుప రాయి మోసిన గూడ్సుబండికి ఆ రోజు మళ్లీ మనుషుల పెట్టె తగిలించారు. అసిరమ్మ ఎగబడి కిటికీ పక్కన కూర్చుంది. ఏటికి అవతల ఒడిశాలో ఆమె అప్ప పైడమ్మ కాపురం. ప్యాసింజరు ఆగిపోయాక అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

వంతెన రాగానే అందరూ దణ్ణం పెట్టి, ఇందుకోసమే దాచుకున్న చెల్లని రూపాయి బిళ్లల్ని ఏట్లోకి విసిరారు. బండి టక్కున ఆగిపోయింది.

"సరుకు ఒలికింది. లోటు పూడ్చేదాకా కదలను," అంది బండి.

"ఓలమ్మ, అది సరుకేటి? గంగమ్మకి దచ్చిన!" అని అసిరమ్మ ఎంత మొత్తుకున్నా బండి వినలేదు.

అవతలి గట్టున కాచుకున్న పైడమ్మకి ఆ కేకలు వినపడ్డాయి. పనసపండు చంకనేసుకుని, చీర ఎగ్గట్టి, వంతెన మీద పరుగెత్తుకొచ్చింది.

"నన్నెక్కించుకో, తూకం సరిపోతాది!"

అసిరమ్మ చెయ్యందించి ఆమెను లోపలికి లాగింది. పెట్టంతా ఈలలు వేసింది. బండి తూకం చూసుకుంది.

"లోటు పూడింది. ఎక్కువొచ్చిన సరుకు ఎవరిది?"

"నాదే," అంది అసిరమ్మ, అప్పను పనసపండుతో సహా వాటేసుకుని.